మూడడుగులు దాటిన శబ్దం

మా కాలనీలో మనిషి నిలబడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పీకరు నిలబడాలంటే మాత్రం కావాలి.

ఇదేదో కడుపుమంటతో అంటున్న మాట కాదండీ. విశ్రాంత ఉద్యోగుల కాలనీ సంక్షేమ సంఘం వారి నిబంధనావళిలో పద్నాలుగో నిబంధన. "నేలపై స్వశక్తితో నిలబడగలిగి, మూడడుగుల ఎత్తు మించి, శబ్దమును ఉత్పత్తి చేయు దేనినైనను సంఘము యొక్క ముందస్తు అనుమతి లేనిదే గృహములందు ప్రవేశపెట్టరాదు." ఆ లెక్కన మా బావమరిది మా ఇంటికి భోజనానికి రావాలన్నా అనుమతి కావాలి. ఆ మాట నేను సర్వసభ్య సమావేశంలో అన్నాను కూడా. ఒక్కరూ నవ్వలేదు. సెక్రటరీ పద్మనాభం గారు మాత్రం "బంధువులకు మినహాయింపు" అని పెన్సిల్‌తో అంచున రాసుకున్నారు.

ఈ నిబంధన ఎందుకొచ్చిందంటే, ఆమధ్య వినాయక చవితికి కుర్రాళ్లు పందిట్లో పెద్ద పెద్ద నల్లపెట్టెలు నిలబెట్టి మా ప్రెసిడెంటు గారి మధ్యాహ్నం నిద్ర పాడుచేశారు. ప్రెసిడెంటు కరణం త్రినాథరావు గారు జిల్లాల వెంట తిరిగి ఆడిట్లు చేసి రిటైరైన మనిషి. ఇంకొకరైతే మేడ మీంచి నాలుగు తిట్లు తిట్టి మళ్లీ పడుకునేవారు. ఆయన తిట్టలేదు. లేచి, మొహం కడుక్కుని, నిబంధన రాశారు.

ఇక నా సంగతి. నా పేరు కామేశం. విశాఖ హార్బర్లో క్రేన్ల కింద నిలబడి అరిచి అరిచి రిటైరయ్యాను. అందుకే నేను మామూలుగా మాట్లాడుతున్నా జనం పోట్లాడుతున్నాననుకుంటారు. పగలంతా ఆ ఇనప గోల విన్న చెవులకి సాయంత్రం కావలసింది ఒక్కటే, వీణ. ఇంటికి రాగానే పడక్కుర్చీలో వాలి, పాత టేపులో కచేరీ పెట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. మా ఆవిడ హైమవతి వంటింట్లో ఉండేది. నిజానికి సంగీతం తెలిసింది తనకే. నాకు వినడం తెలుసు, అంతే. అదైనా ఆవిడ అటునుంచి "ఇప్పుడు వినండి, ఇప్పుడొస్తుంది చూడండి" అని గరిటె పట్టుకుని అరిచి చెబితేనే.

ఈ ఏడు మాఘమాసంలో హైమకి చెవుల్లో హోరు మొదలైంది. చెవుల డాక్టరు ఏవేవో పరీక్షలు చేసి, వినికిడి నరం నీరసించిపోతోందన్నాడు. ముందు సన్న శబ్దాలు పోతాయట, తర్వాత మాటలు పోతాయట. మందేమీ లేదు, కొన్నాళ్లు మిషను పెట్టుకోవచ్చన్నాడు. "ఎన్నాళ్లు?" అంటే "ఏడాది అనుకోండి, వినాలనుకున్నవి ఈలోగా వినేయండి" అన్నాడు.

ఆటోలో తను ఏడుస్తుందేమో, ఎలా ఊరుకోబెట్టాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. తను బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి అంది: "ఏమండీ, నేను వీణంతా వంటింట్లోంచే విన్నాను. నాకు తెలిసిన ప్రతి రాగంలోనూ ఒక కుక్కరు విజిలుంది. ఒక్కసారి ముందు వరసలో కూర్చుని వింటానండీ. మనింట్లోనే. కాళ్లు జాపుకుని."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ "నువ్వు కూర్చో, పోపు నేను వేస్తాను" అనలేదు కదా అని.

పాత టేపు గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. మర్నాడే ఇద్దరం ఆడియో షాపుకి వెళ్లాం. షాపు పైడిరాజుది. ఇంట్లో వినడానికని మూడు జతలు చూపించాడు, అన్నీ నేల మీద నిలబడే పొడుగు స్పీకర్లు. మేం తీసుకెళ్లిన కచేరీనే మూడింట్లోనూ వరసగా పెట్టాడు. మొదటి నల్ల జత మోగితే ఛాతీ మీద ఎవరో గుద్దినట్టయింది. "ఇందులో వీణకి కూడా మృదంగం బుద్ధి పుట్టిందండీ" అంది హైమ. రెండో తెల్ల జత వినగానే మొహం చిట్లించి, "స్టీలు గిన్నెలు తోముతున్నట్టుంది, తీసెయ్యి బాబూ" అంది. మూడోది గోధుమరంగు చెక్క జత. అది మొదలవగానే చెయ్యెత్తి మమ్మల్నిద్దర్నీ ఊరుకోమంది.

"వినబడిందా? వీణ మెట్ల మీద వేలు జారుతోంది."

నాకూ వినబడింది. వీణ నాదం వెనకాల సన్నగా, తీగ మీద వేలు రాసుకున్న చప్పుడు.

"నలభై ఏళ్లుగా ఈ కచేరీ వింటున్నాను. వాయించే ఆయనకి వేళ్లున్నాయని ఇవాళే తెలిసింది" అని నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇంకో మాట లేకుండా ఆ జత ఖాయం చేసేశాను. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. "ఇంటికి తీసుకెళ్దాం పదండి, ఇక్కడ కాదు" అంది హైమ.

కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ టేపు తీసి పెట్టె కొలిచాడు. మూడడుగుల నాలుగంగుళాలు. అనుమతి పత్రం లేదుగనక ఆపేశాడు. నేను ఊరుకుంటానా? ట్రాలీలో వాటిని అడ్డంగా పడుకోబెట్టించి, "ఇప్పుడు కొలువు, నిలబడి లేవు కదా!" అన్నాను. వాచ్‌మన్ తల గోక్కుని సెక్రటరీకి ఫోన్ చేశాడు. పద్మనాభం గారు లుంగీ మీద చొక్కా తొడుక్కుని వచ్చి, స్పీకర్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "పడుకుని ఉన్న వస్తువు లేచి నిలబడదని హామీ ఏమిటి?" అన్నారు. స్పీకర్లు గేటు బయట్నుంచే మళ్లీ షాపుకి తిరిగిపోయాయి.

సాయంత్రం సంఘం ఆఫీసుకి వెళ్లాను. త్రినాథరావు గారు బల్లకి అటువైపు కూర్చుని ఉన్నారు. విషయం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"కామేశం గారూ, మీరు వస్తువును ఎంపిక చేసుకుని అనుమతికి వచ్చారు. ఇది క్రమవిరుద్ధం. ముందు అనుమతి, ఆ మీదట ఎంపిక."

"ఏది బాగుందో మేం విని చూసుకున్నామండీ. మూడు జతలు విన్నాం."

"అక్కడే అసలు అభ్యంతరం. విన్న మనిషికి అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడిన మనిషి నిష్పక్షపాతంగా పోల్చజాలడు. తులనాత్మక పరిశీలన లేనిదే సంఘం అనుమతి ఇవ్వజాలదు."

"మరి ఎవరు పోల్చాలండీ?"

"కమిటీ."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. అక్కడికక్కడే లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. ఇది నా ఒక్కడి సమస్య కాదట. రేపు ఇంకొకరు కొంటారు, ఎల్లుండి మరొకరు. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం ధ్వని పుడితే కాలనీ ఐకమత్యం ఏం కాను? అందుచేత మూడు జతలనూ కమ్యూనిటీ హాలుకి తెప్పించి, శాస్త్రీయంగా పోల్చి, ఒక్కదాన్ని తేల్చి, ఇక మీదట ఏ ఇంట్లోనైనా అదే మోగాలని తీర్మానించాలి. "ఇంటింటా ఒకే ధ్వని!" అన్నారు. పద్మనాభం గారు చప్పట్లు కొట్టి, కమిటీకి అక్కడే నామకరణం చేసేశారు: గృహశ్రవణ ధ్వనిస్తంభ తులనాత్మక పరిశీలనా కమిటీ. స్పీకర్ని ధ్వనిస్తంభం అనాలని నాకు ఆ రోజే తెలిసింది.

"అయ్యా, మా ఆవిడకి వినికిడి పోతోంది. మాకంత వ్యవధి లేదు" అన్నాను. ఈసారి అరవలేదు. బతిమాలాను.

త్రినాథరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో. ఆవిడ ఆరోగ్యం పట్ల సంఘం ప్రగాఢ సానుభూతి ప్రకటిస్తోంది. పద్మనాభం గారూ, సానుభూతి రాసుకోండి."

రాసుకున్నారు.

పైడిరాజు పాపం మంచివాడు. కాలనీ మొత్తానికి తన స్పీకర్లే కొంటారన్న ఆశ కూడా ఉందనుకోండి. మూడు జతలూ వ్యానులో తెచ్చి హాల్లో వేదిక మీద నిలబెట్టాడు. ఆ గోధుమరంగు జత షాపులో అదొక్కటే ఉంది, ఇంకోటి కావాలంటే కంపెనీ వాళ్లు ఎప్పటికి పంపుతారో తెలియదన్నాడు. "జాగ్రత్తగా చూసుకోండి బాబూ" అని నాతో మరీ మరీ చెప్పాడు.

పరిశీలనకి ముందు పూజ పెట్టారు. అది తప్పనను. మా వైపు కొత్త వస్తువేదైనా బొట్టు పెట్టకుండా వాడం. ఫ్రిజ్జుకి పెడతాం, స్కూటరుకి పెడతాం, రుబ్బురోలు పోయి గ్రైండరొస్తే దానికీ పెడతాం. పసుపు, కుంకుమ, గంధం, కొబ్బరికాయ అన్నీ పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. దరఖాస్తుదారుది గనక ముందు గోధుమరంగు జతకి అన్నారు. స్పీకరు ముందు గుడ్డ తొడుగు ఉంటుంది కదా, ముసుగు మీద బొట్టు పెట్టకూడదని పద్మనాభం గారు దాన్ని ఊడబెరికారు.

లోపల పెద్ద గుండ్రాల పైన, సరిగ్గా నుదురుండాల్సిన చోట, పట్టుగుడ్డతో చేసిన చిన్న నున్నటి బొడిపె ఉంది. దాన్ని చూస్తే ఎవరికైనా బొట్టు పెట్టాలనే అనిపిస్తుంది. త్రినాథరావు గారు బొటనవేలికి కుంకుమ అద్దుకుని, కళ్లు మూసుకుని, భక్తిగా, గట్టిగా నొక్కారు. బొడిపె టక్కున లోపలికి పోయి బొడ్డులా తయారైంది. పైడిరాజు "బాబోయ్, నొక్కకండి!" అని పరుగెత్తుకొచ్చేలోపు రెండో స్పీకరుకి కూడా పెట్టేశారు.

"అది ట్వీటరు బాబూ! సన్న శబ్దాలన్నీ అందులోంచే వస్తాయి!" అన్నాడు పైడిరాజు, నెత్తిన చేతులు పెట్టుకుని.

మెట్ల మీద జారిన వేలు అందులోంచే కదా వచ్చింది. హైమ హాల్లో లేదు, ఇంట్లో పులిహోర కలుపుతోంది, ప్రసాదానికి. లేకపోవడమే నయమైంది అనుకున్నాను.

"సెలోటేపు అంటించి మెల్లిగా లాగితే కొంత పైకొస్తుంది" అంటూ పైడిరాజు జేబులు తడుముకుంటుంటే పద్మనాభం గారు అడ్డం నిలబడ్డారు. "పరిశీలనలో ఉన్న వస్తువును తాకరాదు."

ఆ తర్వాత అత్యవసర సమావేశం వేదిక మీదే జరిగింది. ఒక జత ట్వీటర్లు లోపలికి పోయాయి, రెండు జతలవి బయటికి ఉన్నాయి. ఈ స్థితిలో పోల్చితే న్యాయం ఎలా అవుతుంది? నేను ఆశగా చూశాను, పాడైన దాన్ని బాగుచేయిస్తారేమోనని. త్రినాథరావు గారు గొంతు సవరించుకున్నారు.

"పోటీలో ఒకరికి నష్టం కలిగినచో, తక్కినవారికి తత్సమానమైన నష్టం కల్పించుట సంఘం యొక్క కనీస బాధ్యత. అదియునుగాక, ఒక జతకు బొట్టు పెట్టి తక్కిన వాటిని బోడిగా వదిలివేయుట శుభం కాదు."

నల్ల జతకీ తెల్ల జతకీ కూడా బొట్లు పెట్టారు. పద్మనాభం గారు స్కేలు పెట్టి గుంట లోతు కొలుస్తూ "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు" అన్నారు. పైడిరాజు వేదిక మెట్ల మీద కూలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. వాడి ఉసురు ఎవరికి తగులుతుందో గానీ, ఆ రోజు పులిహోర వాడొక్కడే తినలేదు.

తర్వాత పరిశీలన మొదలైంది. వేసవంతా ఎత్తు, బరువు, వెడల్పు. తొలకరిలో రంగు. రంగు దగ్గర అభిప్రాయభేదాలొచ్చి రెండు సమావేశాలు వాయిదా పడ్డాయి. "శబ్దం ఎప్పుడు వింటారు?" అని నేను వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ణి. "శబ్దం చివరి అంశం. బాహ్య లక్షణాలు తేలకముందే శబ్దం వింటే బాహ్య లక్షణాలపై దాని ప్రభావం పడుతుంది" అనేవారు త్రినాథరావు గారు. ఈలోగా ఎవరూ ముట్టుకోకుండా ఆరింటికీ ఎర్రగుడ్డలు కప్పి తాళ్లు కట్టి లక్కముద్ర వేశారు. దూరం నుంచి చూస్తే ఆరుగురు పెద్దమనుషులు వేదిక మీద నిలబడ్డట్టుండేది. ఎవరిదో సన్మానానికి వచ్చిన ముఖ్య అతిథి, చూపు సరిగా ఆనక, వరసలో మూడోదానికి శాలువా కప్పేశాడు. దాన్ని తీస్తే అతిథికి అవమానం, ఉంచితే పోటీలో అసమానత. చివరికి తక్కిన అయిదింటికీ శాలువాలు కొన్నారు.

ఇంట్లో మాత్రం రోజులు అలా నవ్వుకునేట్టు లేవు. హైమకి మొదట పక్షుల అరుపులు పోయాయి. తర్వాత ఫోను మోత. కొళాయి సరిగా కట్టకపోతే పక్కగదిలోంచి "చుక్క పడుతోందండీ" అని కేకేసే మనిషి, పక్కనే నిలబడి బకెట్టు పొర్లిపోతున్నా అటు చూసేది కాదు. చెవి మిషను పెట్టించాం. మాటలు కొంత తెలిసేవి.

ఒకరోజు నేను బజారునుంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. కుక్కరు విజిళ్లు వేసి వేసి నీళ్లన్నీ ఇంకిపోయి పప్పు బొగ్గయింది. తను పొయ్యి ఎదురుగానే ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటోంది. మిషను చార్జింగులో పెట్టిందట. నేను పొయ్యి కట్టేశాక గానీ తలెత్తలేదు. మూత తీసి చూసి, గరిటెతో ఆ బొగ్గుని గీకింది.

"పోనీలెండి" అంది. "ఇప్పుడు వీణ వింటే విజిలు అడ్డురాదు."

"తొందర్లోనే వినిపిస్తానే. ఒట్టు" అన్నాను గట్టిగా.

"అరవకండి, వినబడుతోంది" అంది. మిషను ఇంకా చార్జింగులోనే ఉంది. నా మొహం చూసి అన్న మాట అది.

కార్తీకం వచ్చాక గానీ శబ్దం అనే అంశం కమిటీ ముందుకు రాలేదు. వచ్చిన మొదటి ప్రశ్న, వినేది ఎవరు? ఎదుటి బ్లాకులో వయొలిన్ నేర్పే శ్యామల గారు తను వింటానని చెయ్యెత్తింది. "మీకు విషయ పరిజ్ఞానం ఉంది. పరిజ్ఞానం పక్షపాతానికి మూలం" అని కూర్చోబెట్టేశారు. సంగీతం ఇష్టమన్న వాళ్లందర్నీ తప్పించారు. సంగీతం అస్సలు పడదన్న ఒకాయన లేచి ఉత్సాహంగా ముందుకొచ్చారు. అయిష్టం కూడా అభిప్రాయమేనని ఆయన్నీ తప్పించారు. ఇష్టమూ లేదు అయిష్టమూ లేదు, రోజూ టీవీ సీరియల్ చూస్తానన్నావిడకి ఇంట్లో టీవీ స్పీకర్లతో దీర్ఘకాల సంబంధం ఉన్నట్టు తేలింది. ఒక్కొక్కరే కూర్చుంటూ పోయారు. చివరికి నిలబడ్డ వాళ్లెవరూ లేరు, నేను తప్ప.

పద్మనాభం గారు నెమ్మదిగా అన్నారు: "అధ్యక్షా, ఏ శబ్దం పట్లా ఏ ప్రభావానికీ లోనుకాని వ్యక్తి కాలనీలో ఒక్కరే ఉన్నారు. కామేశం గారి సతీమణి."

హాలంతా గుసగుసలు. "ఎంత సబబు" అన్నారెవరో.

నాకు ఒళ్లు మండిపోయింది. హార్బర్ గొంతు మొత్తం బయటికొచ్చింది. "బుద్ధుందా మీకు? ఆవిడకి వినబడే రోజుల్లో ఆ పెట్టెలు గేటు దాటనివ్వలేదు. బొట్లు పెట్టి గుంటలు చేశారు. ఆర్నెల్లు రంగులు చూశారు. ఇప్పుడు వినబడదని తేలాక ఆవిణ్ణి కూర్చోబెట్టి వినమంటారా? చెవుల్లేనిది ఆవిడకి కాదయ్యా!"

త్రినాథరావు గారు చలించలేదు. "కామేశం గారూ, మీ ఎత్తెంత?"

"ఎందుకు?"

"మూడడుగులు దాటి ఉంటారు. నేలపై స్వశక్తితో నిలబడి ఉన్నారు. శబ్దం ఉత్పత్తి చేస్తున్నారు. ముందస్తు అనుమతి ఉన్నదా?"

"బంధువులకి మినహాయింపు ఉందిగా!" అన్నాను కసిగా.

పద్మనాభం గారు నిబంధనావళి తిరగేశారు. "మీ ఇంటికి మీరు బంధువు కారు."

కూర్చుంటే నిబంధన వర్తించదన్నారు. కూర్చున్నాను. ఏం చెయ్యను? పైడిరాజు షాపులో ఇంకో జత లేదు. హైమని ముందు వరసలో కూర్చోబెట్టి ఆ కచేరీ వినిపించే దారి ఆ హాలు ఒక్కటే.

ఇంటికొచ్చి చెప్పాను. ఎదురుగా కూర్చుని పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాను. వద్దంటుందనుకున్నాను.

"ముందు వరసేనా?" అని అడిగింది.

"ముందు వరసే. నీ ఒక్కదానికే కుర్చీ."

"మరింకేం! మిషను నిండా చార్జింగు పెట్టుకుంటాను. కొంతైనా తెలీకపోదు" అని లేచి బీరువా తీసింది. గంధంరంగు పట్టుచీర, ఎప్పుడో పెళ్లిళ్లకి కట్టేది, దాన్ని మంచం మీద పరిచి చేత్తో మడతలు సవరించింది. ఆ రెండ్రోజులూ తను వంటింట్లో కూనిరాగం తీస్తూనే ఉంది. శ్రుతి ఎక్కడో తప్పుతోందని తనకి తెలియదు. నేను చెప్పలేదు.

ఆదివారం ఉదయం హాలు నిండిపోయింది. ముందు వరసలో తెల్ల తువ్వాలు పరిచిన కుర్చీ ఒకటే. హైమ చీరకి పద్మనాభం గారి భార్య రిబ్బను పువ్వు గుచ్చింది. దాని మీద 'ప్రధాన న్యాయనిర్ణేత' అని బంగారు అక్షరాలు. శాలువాలు తీశారు, లక్కముద్రలు పగలగొట్టారు, ఎర్రగుడ్డలు విప్పారు. ఆరు స్పీకర్లూ ఆరు బొట్లతో నిలబడ్డాయి. పైడిరాజు తీగలు బిగిస్తున్నాడు. హైమ కుర్చీ అంచున కూర్చుని, వెనక్కి తిరిగి నన్ను చూసి చిన్నపిల్లలా నవ్వింది. నేను సరిగ్గా వెనక వరసలో ఉన్నాను.

అప్పుడు పద్మనాభం గారు ఆవిడ చెవి వైపు వంగి చూసి నిటారుగా లేచారు.

"అధ్యక్షా! అభ్యంతరం. న్యాయనిర్ణేత చెవిలో ఒక స్పీకరు ఉన్నది."

"అది చెవి మిషనండీ!" అన్నాను.

"దానిలో శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది?"

"చిన్న స్పీకర్లోంచి..." అని నోరు జారాను.

త్రినాథరావు గారు తల పంకించారు. "ఒక కంపెనీ స్పీకరు ద్వారా ఇతర కంపెనీల స్పీకర్లను పరీక్షించుట నిష్పాక్షికత అనిపించుకోదు. అమ్మా, దయచేసి తొలగించండి."

హైమకి సగమే అర్థమైంది. నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపేలోపే, ఆ మర్యాదస్తురాలు, పెద్దమనుషులు అడిగారు కదా అని రెండు చెవుల్లోంచీ తీసి నా అరచేతిలో పెట్టి నా పిడికిలి మూసింది. "కాసేపేగా" అంది. మూసిన పిడికిట్లో ఆ మిషన్లు కీ... మని సన్నగా కూయడం మొదలుపెట్టాయి. చేతిలో దగ్గరగా పట్టుకుంటే అవి అలాగే కూస్తాయి.

"ఆ శబ్దం ఎక్కణ్ణుంచి?" అన్నారు త్రినాథరావు గారు.

"నా చేతిలోంచి. మూడడుగులు లేదులెండి" అన్నాను.

కచేరీ పెట్టారు. నల్లవి, తెల్లవి, ఆఖర్న గోధుమరంగువి. గుంటపడ్డ ట్వీటర్లతో మూడూ ఒక్కలాగే మోగాయి, దుప్పటి కప్పి వాయించినట్టు. నేను చెవులు రిక్కించి విన్నాను. వీణ ఉంది. మెట్ల మీద వేలు లేదు. వయొలిన్ శ్యామల గారు కొంగుతో కళ్లు ఒత్తుకోవడం కనబడింది. పైడిరాజు తల దించుకుని ఉన్నాడు. హైమ మాత్రం స్పీకర్ల కేసే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని. కచేరీ అయిపోయింది. పైడిరాజు మీట తిప్పి పక్కకి జరిగాడు.

త్రినాథరావు గారు "న్యాయనిర్ణేత గారి అభిప్రాయం?" అన్నారు.

హైమ వెనక్కి తిరిగింది. నా చెవిలో రహస్యంగా అంటున్నాననుకుంది గానీ, హాలు చివరిదాకా వినబడింది:

"ఏమండీ, ఇంకా మొదలుపెట్టలేదేం?"

నా పిడికిట్లో మిషన్లు కూస్తూనే ఉన్నాయి. త్రినాథరావు గారు ఒక్క క్షణం ఆలోచించి పద్మనాభం గారి వైపు తిరిగారు.

"రాసుకోండి. మూడు జతలలో దేనివలనను గృహస్థులకు ఎట్టి శబ్దబాధయు లేదని న్యాయనిర్ణేత ఏకగ్రీవముగా నిర్ధారించినారు. మూడునూ గృహశ్రవణమునకు యోగ్యము. కామేశం గారూ, అభినందనలు. మీకు అనుమతి మంజూరైనది."

చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఒకరిద్దరు, తర్వాత హాలంతా.

హైమ అటూ ఇటూ చూసింది. అందరి చేతులూ కదలడం చూసి తన మొహం విప్పారింది. కొంగు భుజం మీదికి సర్దుకుని, కుర్చీలో వెనక్కి జరిగి, కాళ్లు హాయిగా ముందుకి జాపుకుంది. కచేరీ ఇప్పుడు మొదలవుతోందనుకుని, వేదిక కేసి చూస్తూ తనూ చప్పట్లు కొట్టింది.